మూలుగ నుంచి మోకాలి గుజ్జు దాకా: ఎముక, మృదులాస్థి కోసం మూలకణాలు పెంచే పద్ధతి

అలిపిరి నుంచి తిరుమలకు నడిచి వెళ్ళేవాళ్ళకు మోకాళ్ళ మిట్ట తెలుసు. దాదాపు 3,550 మెట్ల దారిలో ఆ నిటారు మెట్ల దగ్గరకు వచ్చేసరికి ఎంతమంది మోకాళ్ళు పట్టుకుని కూలబడతారో చిన్నప్పటి నుంచీ చూస్తున్నాను. మా అమ్మ కూడా అక్కడే కూర్చుండిపోయేది. "గుజ్జు అరిగిపోయిందన్నారమ్మా" అన్న మాట మా వైపు ప్రతి వీధిలోనూ వినిపిస్తుంది. ఆ గుజ్జే మృదులాస్థి. దానికి రక్తనాళాలు లేవు కాబట్టి ఒకసారి దెబ్బతింటే తనంతట తాను సరిగ్గా మానదు. ఎముకకు రక్తం అందుతుంది, విరిగినా అతుక్కుంటుంది. కానీ యాక్సిడెంట్‌లోనో, గడ్డ తీసేటప్పుడో పెద్ద ముక్కే పోతే ఆ ఖాళీని ఎముక కూడా పూడ్చుకోలేదు. అలాంటి చోట్ల రోగి సొంత మూలకణాలనే (ఎముకగా, గుజ్జుగా మారగల కణాలను) మూలుగ నుంచి తీసి పెంచి, వాటితో కొత్త కణజాలం కట్టగలమా అని ప్రపంచమంతా ప్రయత్నిస్తున్నారు.

తిరుపతిలో సెల్ కల్చర్ (ల్యాబ్‌లో కణాలను పెంచే) పని చేస్తూ, కొత్తగా వచ్చే పిల్లలకు నేర్పుతూ నేను తెలుసుకున్నదంతా ఇక్కడ వరసగా రాస్తున్నాను. ఇది ఎమ్మెస్సీ ప్రాజెక్టు వాళ్ళకు, పీహెచ్‌డీ మొదలుపెట్టినవాళ్ళకు, రీసెర్చ్ వైపు ఆసక్తి ఉన్న ఆర్థో పీజీలకు. ఇందులోని కణాలు ల్యాబ్ పరిశోధన కోసమే, ఎవరి ఒంట్లోకీ ఎక్కించడానికి కాదు. ఇంకో మాట కూడా ముందే చెప్పాలి. కణాల సంఖ్య పెంచడం ఎవరికైనా వారం పది రోజుల్లో వచ్చేస్తుంది. వాటి గుణం పోకుండా పెంచడానికే ఓపిక కావాలి. కింద రాసిన జాగ్రత్తల్లో చాలా వరకు ఆ గుణం కోసమే.

ముందు అనుమతులు

మనిషి మూలుగ వాడాలంటే రెండు కమిటీల అనుమతి ఉండాలి. ఒకటి సంస్థ ఎథిక్స్ కమిటీ, రెండోది మూలకణాల పరిశోధనను ప్రత్యేకంగా చూసే కమిటీ. ఐసీఎంఆర్ (భారత వైద్య పరిశోధన మండలి), డీబీటీ (కేంద్ర బయోటెక్నాలజీ విభాగం) కలిసి 2017లో ఇచ్చిన జాతీయ మార్గదర్శకాల్లో ఇది ఉంది. రోగి సంతకం చేసే ఒప్పుకోలు పత్రం తెలుగులో ఉండాలి. కుప్పం వైపు నుంచి వచ్చినవాళ్ళకు తమిళమో కన్నడమో సులువైతే ఆ భాషలో ఇవ్వాలి. "మీకు ఆపరేషన్‌లో తీసి పారేసేదే మేము తీసుకుంటాం, ఇవ్వనన్నా మీ వైద్యంలో తేడా రాదు" అని నోటితోనూ చెప్పాలి. దాతకు హెచ్‌ఐవీ, హెపటైటిస్ బీ, సీ పరీక్షలు అయ్యాయో లేదో చూసుకోండి.

అనుమతులు వచ్చేలోపు చెయ్యి తిరగాలంటే మేక తొడ ఎముక మంచి దారి. అప్పుడే కోసిన మేక ఎముకను రెండు చివర్లూ మూసి ఉన్నట్టుగానే అడిగి తెచ్చుకోండి. పైన 70 శాతం ఆల్కహాల్‌తో తుడిచి, హుడ్‌లో (వడగట్టిన గాలి వీచే శుభ్రమైన క్యాబినెట్‌లో) చివర్లు కోసి, సిరంజితో మీడియా (కణాలకు తిండి అందించే ద్రవం) కొట్టి మూలుగ బయటికి తీయవచ్చు. మొదటి నాలుగైదు సార్లు కంటామినేషన్ (బయటి సూక్ష్మజీవులు చేరడం) వచ్చినా బాధపడకండి. ఆ తప్పులు మనిషి శాంపిల్ మీద కాకుండా ఇక్కడే జరగనివ్వండి.

గది, కరెంటు, నీళ్ళు

క్లాస్-2 బయోసేఫ్టీ క్యాబినెట్, కార్బన్ డయాక్సైడ్ ఇంక్యుబేటర్, చల్లబరిచే సెంట్రిఫ్యూజ్, ఇన్వర్టెడ్ మైక్రోస్కోప్, లిక్విడ్ నైట్రోజన్ డబ్బా. ఇవి లేకుండా మొదలుపెట్టవద్దు. ఇంక్యుబేటర్ 37 డిగ్రీలు, 5 శాతం కార్బన్ డయాక్సైడ్ దగ్గర నిలకడగా ఉండాలి.

మన ఊరి ఎండ గురించి ప్రొటోకాల్ పుస్తకాల్లో ఉండదు. మే నెలలో బయట 40 డిగ్రీలు దాటుతుంది. అలాంటి ఒక శనివారం సాయంత్రం మేము పని చేసే చోట కరెంటు పోయింది, ఏసీ ఆగింది, యూపీఎస్ రెండు గంటలకే చేతులెత్తేసింది. సోమవారం వచ్చి చూసేసరికి మీడియా అంతా ముదురు గులాబీ రంగులోకి మారింది, కణాలు గుండ్రంగా ముడుచుకుని పైకి తేలుతున్నాయి. ఆరు వారాల పని పోయింది. ఆ తర్వాత నుంచి మూడు నియమాలు పెట్టుకున్నాను: ఇంక్యుబేటర్‌కు సొంత యూపీఎస్, రెండో గ్యాస్ సిలిండర్ సిద్ధంగా, తేడా వస్తే ఫోనుకు మెసేజ్ పంపే అలారం. ఏ దాత కణాలనైనా ఒకే ఇంక్యుబేటర్‌లో మొత్తం ఉంచకండి. పక్క ల్యాబ్ వాళ్ళను బతిమాలైనా సరే, ఒక ఫ్లాస్క్ అక్కడ పెట్టండి.

అక్టోబరు, నవంబరు వానల్లో ఫంగస్ బెడద ఎక్కువ. ఇంక్యుబేటర్ అడుగున ఉండే ట్రేలో స్టెరైల్ డిస్టిల్డ్ వాటర్ తప్ప వేరే నీళ్ళు పోయకండి, వారానికోసారి మార్చండి. ఏసీ ఫిల్టర్ కడిగిన రోజు కల్చర్ పని పెట్టుకోవద్దు.

సీరం

ఆల్ఫా-ఎంఈఎం మీడియా గానీ, తక్కువ గ్లూకోజ్ ఉన్న డీఎంఈఎం మీడియా గానీ తీసుకుని, దానికి 10 శాతం ఫీటల్ బొవైన్ సీరం (ఆవు పిండం రక్తం నుంచి తీసే సీరం), 1 శాతం పెనిసిలిన్-స్ట్రెప్టోమైసిన్ కలపాలి. పని మొత్తంలో అందరూ తేలిగ్గా తీసుకునేది ఈ సీరాన్నే. ఒకే కంపెనీ సీరం అయినా లాట్ (ఒకే విడతలో తయారైన సరుకు) మారితే కణాల తీరు మారిపోతుంది. ఒకసారి కొత్త లాట్ వచ్చాక మా కాలనీలు (ఒక్కో కణం నుంచి పెరిగే గుంపులు) సగానికి పడిపోయాయి. కారణం తెలియక నెలరోజులు దాతలనూ, చేతులనూ అనుమానించాం.

అందుకే కొనేముందు కనీసం మూడు లాట్ల శాంపిల్స్ తెప్పించండి. ఒకే దాత కణాలను మూడింటిలోనూ పలచగా, పది సెంటీమీటర్ల డిష్‌కు వంద కణాల చొప్పున వేసి, 14 రోజుల తర్వాత క్రిస్టల్ వయొలెట్‌తో రంగు వేయండి. యాభైకి పైగా కణాలున్న ప్రతి గుంపునూ ఒక కాలనీగా లెక్కించండి. ఎక్కువ కాలనీలు వచ్చిన లాట్‌ను ప్రాజెక్టు చివరిదాకా సరిపోయేంత ఒకేసారి రిజర్వ్ చేయించండి. ఖర్చు అని గైడ్ వెనకాడితే ఈ డిష్‌ల ఫొటోలే చూపించండి, ఒప్పుకుంటారు.

మూలుగ తెచ్చుకోవడం

మూలుగలో మనకు కావలసిన మీసెంకైమల్ కణాలు (ఎముక, గుజ్జు, కొవ్వుగా మారగల మూలకణాలు) చాలా తక్కువ. లక్ష కణాల్లో ఒకటి నుంచి పది దాకా ఉంటాయి, అంతే. తుంటి ఎముక నుంచి సూదితో లాగేటప్పుడు డాక్టరు ఒకేచోట 20 మి.లీ. లాగేస్తే మనకు అందేది ఎక్కువగా మామూలు రక్తమే. ఒక్కో చోట 2 నుంచి 4 మి.లీ. లాగి, సూది కొంచెం కదిలించి మళ్ళీ లాగమని ముందే అడగాలి. ఆపరేషన్ థియేటర్‌లో అడగడానికి మొహమాటపడే పిల్లలను చాలామందిని చూశాను. ఆ ఒక్క మాట అడిగితే మీ కాలనీలు ఎన్నో రెట్లు పెరుగుతాయి.

మోకాలి మార్పిడి ఆపరేషన్లలో మరో మంచి వనరు ఉంది. మోకాలి చిప్ప కింద ఉండే కొవ్వు ముద్దను సర్జన్లు చాలాసార్లు తీసేస్తారు. అందులోని కణాలు గుజ్జుగా మారడంలో బాగా ముందుంటాయి. దాన్ని సన్నగా తరిగి, 0.1 శాతం కొలాజినేజ్‌లో (కణజాలాన్ని కరిగించే ఎంజైమ్‌లో) 37 డిగ్రీల దగ్గర గంట నుంచి గంటన్నర కదిలిస్తూ ఉంచి, సీరం ఉన్న మీడియాతో ఆపి, వడగట్టి, సెంట్రిఫ్యూజ్‌లో 300 జి (భూమ్యాకర్షణకు 300 రెట్లు) దగ్గర తిప్పితే అడుగున కణాలు దొరుకుతాయి. తిరుపతిలో బర్డ్, స్విమ్స్, రుయా లాంటి పెద్ద ఆసుపత్రులు ఒకే ఊళ్ళో ఉండటం మనకు కలిసొచ్చే విషయం. సర్జన్‌తో మాట్లాడుకుని, అనుమతులు చేతిలో ఉంటే తాజా శాంపిల్ కోసం ఊరు దాటక్కర్లేదు.

చిత్తూరు నుంచి తెస్తుంటే దాదాపు 70 కిలోమీటర్ల దారి. హెపారిన్ వేసిన ట్యూబును థర్మోకోల్ పెట్టెలో, జెల్ ప్యాక్‌కు నేరుగా తగలకుండా బట్ట చుట్టి పెట్టండి. కారు డ్యాష్‌బోర్డు మీద, బండి డిక్కీలో వద్దు.

విడదీసి ఫ్లాస్కులో వెయ్యడం

మూలుగకు సమానంగా పీబీఎస్ (కణాలను కడిగే ఉప్పు ద్రావణం) కలపండి. ఫికాల్ (సాంద్రతను బట్టి కణాలను విడదీసే ద్రవం) మీద, రెండూ కలిసిపోకుండా ట్యూబు గోడ వెంబడి మెల్లగా జార్చండి. ఫికాల్ సాంద్రత మి.లీ.కు 1.077 గ్రాములు. అది ఫ్రిజ్‌లోంచి తీసిన చల్లదనంతో ఉన్నా, ఎండకు వేడెక్కినా పొర సరిగ్గా రాదు. 20 డిగ్రీలకు వచ్చాకే వాడండి. 400 జి దగ్గర 30 నిమిషాలు తిప్పండి. బ్రేక్ ఆఫ్ చేయడం మరిచిపోతే చివర్లో కుదుపుకు పొరలు కలిసిపోతాయి. మధ్యలో మజ్జిగ మీద తేట నిలిచినట్టు తెల్లటి పొర కనిపిస్తుంది. అదొక్కటే తీసుకుని రెండుసార్లు కడిగి, ట్రైపాన్ బ్లూతో (చచ్చిన కణాలకే పట్టే రంగుతో) లెక్కపెట్టండి.

చదరపు సెంటీమీటరుకు లక్షన్నర కణాలు చొప్పున వేస్తే, టీ-75 ఫ్లాస్కుకు (అడుగు 75 చదరపు సెంటీమీటర్లు) కోటి పైచిలుకు పడతాయి. వేశాక ఫ్లాస్కును నాలుగు దిక్కులకూ మెల్లగా కదిపి ఇంక్యుబేటర్‌లో పెట్టండి. గుండ్రంగా తిప్పితే కణాలన్నీ మధ్యలో పోగవుతాయి.

తర్వాత 48 గంటలు ఫ్లాస్కును ముట్టుకోవద్దు. రోజుకు నాలుగుసార్లు తీసి చూడాలనిపిస్తుంది, నాకూ అనిపించేది. తీసిన ప్రతిసారీ వేడి, గ్యాస్ రెండూ మారతాయి.

మొదటి పది రోజులు

రెండు మూడు రోజుల తర్వాత పాత మీడియా తీసి, పీబీఎస్‌తో కడిగి, కొత్తది పోయండి. రక్తకణాలు అంటుకోవు, వెళ్ళిపోతాయి. మన కణాలు ప్లాస్టిక్‌కు పట్టుకుని ఉంటాయి. ఈ ఒక్క గుణం ఆధారంగానే 1960, 70లలో ఫ్రీడెన్‌స్టీన్ అనే సోవియట్ శాస్త్రవేత్త ఈ కణాలను గుర్తించాడు. వీటికి మీసెంకైమల్ మూలకణాలన్న పేరును 1991లో ఆర్నాల్డ్ కాప్లన్ పెట్టాడు. ఇన్నేళ్ళయినా మనం చేసే మొదటి పని ఫ్రీడెన్‌స్టీన్ చేసినదే.

ఐదో రోజు నుంచి వారం లోపు అక్కడక్కడ సన్నని, కదురులాంటి కణాలు నాలుగైదు కలిసి కనిపిస్తాయి. పదో రోజుకు అవి సుడులు తిరిగినట్టు గుంపులవుతాయి. మూడు రోజులకోసారి మీడియా మార్చండి. కాలనీలు మధ్యలో కిక్కిరిసి, చుట్టూ ఖాళీగా ఉంటే ఫ్లాస్క్ మొత్తం నిండేదాకా ఆగవద్దు. మధ్యలో నలిగిన కణాలు అప్పటికే మారడం మొదలుపెడతాయి. ఒక గుంపు పెద్దదైపోయిందని తోస్తే ఆ రోజే ట్రిప్సిన్ (అంటుకున్న కణాలను విడదీసే ఎంజైమ్) వేసి, అదే ఫ్లాస్కులో అంతటా పరచండి.

స్ప్లిట్: నారు ముదరకముందే

వరి నారు ముదిరాక నాటితే పిలకలు సరిగ్గా వెయ్యవని మన రైతులకు ఎవరూ చెప్పక్కర్లేదు. ఈ కణాలూ అంతే. ఫ్లాస్క్ 70, 80 శాతం నిండగానే తీసి, కొత్త ఫ్లాస్కుల్లోకి పంచేయాలి. స్ప్లిట్ అంటే ఇదే. ఆదివారం కదా, సోమవారం చూద్దాం అనుకుంటే అవి 100 శాతానికి చేరి, ఒకదానికొకటి తగులుతూ విభజన ఆపేస్తాయి. తర్వాత ఎంత మంచి మీడియా పోసినా మునుపటి ఊపు రాదు. మీ వారాల లెక్కను కణాలకు తగ్గట్టు మార్చుకోండి.

పీబీఎస్‌తో రెండుసార్లు కడగండి. సీరం మిగిలితే ట్రిప్సిన్ పని చేయదు. ఈ పీబీఎస్‌లో కాల్షియం, మెగ్నీషియం ఉండకూడదు. టీ-75కు 2 మి.లీ. ట్రిప్సిన్-ఈడీటీఏ పోసి, 37 డిగ్రీల దగ్గర 3 నిమిషాలు. మైక్రోస్కోప్ కింద కణాలు గుండ్రమై జారుతుంటే పక్కన ఒకసారి తట్టి, వెంటనే సీరం మీడియా పోయండి. ఐదు నిమిషాలు దాటితే కణాల పైపొర దెబ్బతింటుంది. కొన్ని ఎంతకీ రాకపోతే వదిలేయండి, వాటి కోసం మిగతా వాటిని పాడుచేయకండి.

మళ్ళీ వేసేటప్పుడు చదరపు సెంటీమీటరుకు 4,000 చొప్పున, అంటే టీ-75కు 3 లక్షలు వేయండి. 80 శాతానికి దాదాపు 12 లక్షలు వస్తాయి. మూడు లక్షలు పన్నెండయ్యాయంటే రెండు రెట్టింపులు. ఇలా మూడు పాసేజ్‌లు (ఒకసారి తీసి మళ్ళీ వేస్తే ఒక పాసేజ్) చేస్తే ఒక ఫ్లాస్క్ నుంచి 1 కోటి 92 లక్షలు. ఈ లెక్క పిల్లల చేత నోటుబుక్కులో వేయిస్తాను. ఎందుకంటే "కణాలు చాలవేమో" అన్న టెన్షన్‌తోనే ఎనిమిదో, పదో పాసేజ్ దాకా పోతారు. ఒక చదరపు సెంటీమీటరు వెడల్పు, 2 మిల్లీమీటర్ల మందం ఉన్న గుజ్జు ముక్కకు మి.లీ.కు రెండు కోట్ల చొప్పున వేసినా 40 లక్షలే కావాలి. మూడో పాసేజ్ కణాలతో అది అయిపోతుంది. నాలుగు, ఐదు దాటాక కణాలు వెడల్పుగా, పల్చగా, వేయించిన అప్పడంలా పరుచుకుంటాయి. పాసేజ్ పెరిగేకొద్దీ వాటికి ఎముకగా, గుజ్జుగా మారే శక్తి పడిపోతుంది. ప్రతి పాసేజ్‌లో ఎన్ని వేశారో, ఎన్ని వచ్చాయో రాసి, రెట్టింపుల మొత్తం కలుపుతూ పోండి. పాసేజ్ నంబరు కన్నా ఆ మొత్తమే కణాల వయసును సరిగ్గా చెబుతుంది.

మీ అసలు లక్ష్యం గుజ్జు అయితే పెంచే మీడియాలోనే మి.లీ.కు 5 నానోగ్రాముల ఎఫ్‌జీఎఫ్-2 (కణాల పెరుగుదలకు తోడ్పడే ప్రొటీన్) కలపండి. కణాలు సన్నగా, చురుగ్గా ఉంటాయి, తర్వాత గుజ్జుగా మారే గుణమూ నిలుస్తుంది.

మొదటి పాసేజ్ తర్వాత యాంటీబయాటిక్ తీసేయడం నా అలవాటు. అది ఉన్నంతకాలం మన చేతి తప్పులు బయటపడవు. ముఖ్యంగా మైకోప్లాస్మా అనే అతి చిన్న బ్యాక్టీరియాకు కణగోడే లేదు, పెనిసిలిన్ దాన్ని ఏమీ చేయదు. మీడియాను మసకబరచదు, 0.2 మైక్రోమీటర్ల ఫిల్టర్ నుంచి కూడా దూరిపోతుంది. నెలకోసారి పీసీఆర్ చేసి చూడకపోతే ఏడాది పని దానితోనే చేశామని చివర్లో తెలుస్తుంది.

దాచుకోవడం

మొదటి, రెండో పాసేజ్ కణాల్లో సగం తప్పక ఫ్రీజ్ చేయండి. 90 శాతం సీరం, 10 శాతం డీఎంఎస్‌ఓ (గడ్డకట్టేటప్పుడు కణాలను కాపాడే ద్రవం), వయల్‌కు 10 లక్షలు. నిమిషానికి ఒక డిగ్రీ చొప్పున చల్లబడేలా ఐసోప్రొపనాల్ డబ్బాలో పెట్టి మైనస్ 80లో రాత్రంతా ఉంచి, మర్నాడు లిక్విడ్ నైట్రోజన్‌లోకి మార్చండి. మైనస్ 80లోనే నెలల తరబడి మరిచిపోతే తీసేటప్పుడు సగం చచ్చి ఉంటాయి. తీసేటప్పుడు మాత్రం తొందర కావాలి: 37 డిగ్రీల నీళ్ళలో రెండు నిమిషాల్లోపు కరగాలి.

ఇవి అవేనా?

2006లో అంతర్జాతీయ సెల్ థెరపీ సొసైటీ పెట్టిన కనీస ప్రమాణాలే ఇప్పటికీ అందరూ అడుగుతారు. ప్లాస్టిక్‌కు అంటుకోవాలి. ఫ్లో సైటోమెట్రీలో (కణాలను ఒక్కొక్కటిగా లేజర్‌తో చూసే పరీక్షలో) సీడీ105, సీడీ73, సీడీ90 అనే గుర్తు ప్రొటీన్లు కనీసం 95 శాతం కణాల మీద ఉండాలి. సీడీ45, సీడీ34, సీడీ14, సీడీ19, హెచ్‌ఎల్‌ఏ-డీఆర్ 2 శాతానికి మించకూడదు. ఎముకగా, గుజ్జుగా, కొవ్వుగా మూడు రకాలుగానూ మారి చూపాలి. మేక కణాలతో చేస్తుంటే మనిషి యాంటీబాడీలు అన్నీ పట్టవు, ముందే కనుక్కుని కొనండి.

ఎముక వైపు

ఇది మూడింటిలో కాస్త సులువు. 24 గుంటల ప్లేట్‌లో గుంటకు 20,000 కణాలు వేసి, దాదాపు నిండాక మీడియా మార్చండి. మామూలు మీడియాకు డెక్సామెథసోన్ 100 నానోమోలార్, ఆస్కార్బిక్ ఆసిడ్-2-ఫాస్ఫేట్ 50 మైక్రోమోలార్, బీటా గ్లిసరోఫాస్ఫేట్ 10 మిల్లీమోలార్ కలపాలి. మామూలు ఆస్కార్బిక్ ఆసిడ్ మీడియాలో త్వరగా పాడవుతుంది కాబట్టి ఫాస్ఫేట్ రూపమే తీసుకోండి. మూడు రోజులకోసారి మారుస్తూ 21 రోజులు.

ఏడు నుంచి పద్నాలుగు రోజుల మధ్య ఆల్కలైన్ ఫాస్ఫటేజ్ (ఎముక కట్టే కణాల్లో ఉండే ఎంజైమ్) పెరుగుతుంది. 21వ రోజు ఫార్మలిన్‌తో ఫిక్స్ చేసి, 2 శాతం అలిజరిన్ రెడ్ రంగులో, పీహెచ్ 4.2 దగ్గర 20 నిమిషాలు. కాల్షియం ఉన్నచోట ఎర్రగా, ఇటుకపొడి చల్లినట్టు కనిపిస్తుంది. కడగడానికి డిస్టిల్డ్ వాటరే వాడండి. మన బోరు నీళ్ళలోనే బోలెడంత కాల్షియం ఉంది. ఒక గుంటలో కణాలు లేకుండా అదే మీడియాను 21 రోజులూ ఉంచండి. అక్కడ కూడా ఎర్రబడితే మీరు చూస్తున్నది కణాలు కట్టిన ఎముక పదార్థం కాదు, గ్లిసరోఫాస్ఫేట్ వల్ల దానంతటదే పేరుకున్న ఉప్పు. ఈ గుంట లేని థీసిస్‌లు చూసినప్పుడు నాకు బాధ కలుగుతుంది.

గుజ్జు వైపు

గుజ్జు పరచుకుని పెరిగేది కాదు. గర్భంలో శిశువు అవయవాలు ఏర్పడేటప్పుడు ఈ కణాలు ముందు ఒకచోట గుమిగూడతాయి, ఆ ఒత్తిడిలోనే గుజ్జుగా మారతాయి. మనం ట్యూబులో అదే పరిస్థితి కల్పించాలి. కణాలను ఇలా ముద్దగా చేసి పెంచడాన్నే పెల్లెట్ కల్చర్ అంటాం.

15 మి.లీ. పాలీప్రొపిలీన్ కోన్ ట్యూబులో రెండున్నర లక్షల కణాలు, అర మి.లీ. మీడియా. పాలీస్టైరీన్ ట్యూబులకు కణాలు అంటుకుపోతాయి, కొనేముందు పేరు చూడండి. 300 జి దగ్గర 5 నిమిషాలు తిప్పి, మూత కాస్త వదులు చేసి, అడుగున ముద్దను కదపకుండా ఇంక్యుబేటర్‌లో నిలబెట్టండి. మర్నాటికో ఎల్లుండికో ఆ పలచని పొర అంచులు ముడుచుకుని చిన్న బంతి అవుతుంది. అవకపోతే ట్యూబును వేలితో ఒకసారి తట్టండి. ఆ బంతి అడుగు వదిలి తేలడం మొదటిసారి చూసిన రోజు నేను ల్యాబ్‌లో అందరినీ పిలిచి చూపించాను.

దీని మీడియాలో సీరం ఉండదు. ఎక్కువ గ్లూకోజ్ ఉన్న డీఎంఈఎంలో డెక్సామెథసోన్ 100 నానోమోలార్, ఆస్కార్బేట్ మి.లీ.కు 50 మైక్రోగ్రాములు, ప్రొలీన్ 40 మైక్రోగ్రాములు, పైరువేట్ 100 మైక్రోగ్రాములు, ఇన్సులిన్-ట్రాన్స్‌ఫెరిన్-సెలీనియం మిశ్రమం, వీటన్నిటితో పాటు టీజీఎఫ్-బీటా3 (కణాలను గుజ్జు వైపు నడిపే ప్రొటీన్) మి.లీ.కు 10 నానోగ్రాములు. ఆ చివరిదే అన్నింటికన్నా ఖరీదు. వచ్చిన రోజే ఒక వాడకానికి సరిపోయే చిన్న చిన్న భాగాలు చేసి మైనస్ 80లో పెట్టండి. కరిగించినదాన్ని మళ్ళీ గడ్డకట్టించవద్దు. మీడియా మార్చే రోజు మాత్రమే కలపండి. ముందే కలిపి ఫ్రిజ్‌లో పెట్టుకున్న మీడియాతో పెల్లెట్ చిన్నగా, మెత్తగా ఉండిపోయిన సందర్భాలు నాకు చాలా ఎదురయ్యాయి.

వారానికి మూడుసార్లు మార్చాలి. ట్యూబును వంచి, పిపెట్‌తో మీడియా మాత్రమే తీయండి. వాక్యూమ్ గొట్టం పెడితే పెల్లెట్ దాంతో పాటే పోతుంది, ఇరవై రోజుల తర్వాత ఆ బాధ చెప్పనలవి కాదు. ఒక్కో దాతకు మూడు కాదు, ఆరేడు పెల్లెట్లు పెట్టండి.

నాలుగు వారాలకు పెల్లెట్ మిల్లీమీటరు, ఒకటిన్నర మిల్లీమీటర్లకు పెరిగి, తెల్లగా మెరుస్తుంది. పటకారుతో నొక్కితే కొబ్బరి లేత ముక్కలా వెనక్కి తన్నాలి. కోసి సఫ్రనిన్-ఓ రంగు వేస్తే ప్రొటియోగ్లైకాన్ (గుజ్జులో నీటిని పట్టి ఉంచే పదార్థం) ఉన్న మేర నారింజ ఎరుపు పరుచుకుంటుంది. టైప్-2 కొలాజెన్ (గుజ్జులోని ముఖ్య ప్రొటీన్) కోసం యాంటీబాడీ వేసి చూడాలి.

ఇక్కడితో ఆగిపోయి సంతోషపడేవాళ్ళు ఎక్కువ. టైప్-10 కొలాజెన్ కూడా చూడండి. మూలుగ కణాల నుంచి వచ్చిన గుజ్జు కుదురుగా గుజ్జులా ఉండిపోదు. పిల్లల ఎముకలు ముందు గుజ్జుగా ఏర్పడి తర్వాత ఎముకగా మారినట్టే, ఇది కూడా ఉబ్బి ఎముక దారి పడుతుంది. టైప్-10 దానికి గుర్తు. ఈ రంగంలో ఇంతవరకూ పూర్తిగా తీరని చిక్కు ఇదే. ఆక్సిజన్‌ను 5 శాతానికి తగ్గించడం, మోకాలి నుంచి తీసిన అసలు గుజ్జు కణాలను కలిపి పెంచడం, పీటీహెచ్ (పారాథైరాయిడ్ హార్మోన్) సంబంధిత ప్రొటీన్‌ను విడతలుగా ఇవ్వడం కొంత పని చేస్తాయి. కొత్తగా ఈ రంగంలోకి వచ్చే పిల్లలు ప్రాజెక్టు కోసం ప్రశ్న వెతుకుతుంటే నేను ఎప్పుడూ దీన్నే చూపిస్తాను.

పట్టుతో కట్టిన స్కాఫోల్డ్

పెల్లెట్ ఒక చుక్కంత. మోకాలిలో ఖాళీ అంత పెద్ద కణజాలానికి ఆసరా కావాలి. స్కాఫోల్డ్ అంటే అదే. హైడ్రాక్సీ అపటైట్, ట్రైకాల్షియం ఫాస్ఫేట్, పాలీకాప్రొలాక్టోన్, కొలాజెన్, ఆల్జినేట్, ఇలా చాలా ఉన్నాయి. పలమనేరు, కుప్పం వైపు పట్టుపురుగులు పెంచే రైతులున్న ప్రాంతం మనది. కాబట్టి నేను పట్టుగూళ్ళతోనే నేర్పుతాను.

గూడు కోసి లోపలి పురుగు తీసేసి, 5 గ్రాముల ముక్కలను 2 లీటర్ల నీళ్ళలో 4.24 గ్రాముల సోడియం కార్బొనేట్‌తో 30 నిమిషాలు మరిగించండి. జిగురైన సెరిసిన్ పోవాలి. ఆరబెట్టాక బరువు పావు వంతుకు పైగా తగ్గిందో లేదో చూడండి, తగ్గకపోతే జిగురు మిగిలినట్టే. మిగిలిన ఫైబ్రొయిన్‌ను (పట్టు దారపు ప్రొటీన్‌ను) 9.3 మోలార్ లిథియం బ్రోమైడ్‌లో 60 డిగ్రీల దగ్గర 4 గంటలు కరిగించి, రెండు రోజులు డయాలసిస్ చేస్తే (పొర సంచిలో పోసి నీళ్ళలో ఉంచి లిథియం బ్రోమైడ్‌ను పోగొడితే) 6 నుంచి 8 శాతం ద్రావణం వస్తుంది. 2 మి.లీ.కు 4 గ్రాముల ఉప్పు, 500 నుంచి 600 మైక్రోమీటర్ల జల్లెడ పట్టినది, మెల్లగా చల్లుతూ వేయండి. ఒకటి రెండు రోజులకు గట్టిపడుతుంది. నీళ్ళు మారుస్తూ ఉప్పంతా పోయేదాకా రెండు రోజులు కడిగితే స్పాంజిలా రంధ్రాలు మిగులుతాయి. ఎముకకు ఇలాంటి పెద్ద రంధ్రాలే కావాలి, రక్తనాళాలు లోపలికి పాకడానికి.

రెండు మిల్లీమీటర్ల మందం మించకుండా బిళ్ళలు కోసి, ఆటోక్లేవ్ చేసి (ఒత్తిడి ఆవిరిలో క్రిములు చంపి), రాత్రంతా మీడియాలో నానబెట్టండి. మర్నాడు తడి కొంచెం ఒత్తి తీసి, 50 మైక్రోలీటర్లలో 10 లక్షల కణాలను మధ్యలో వేసి, రెండు గంటల తర్వాతే మిగతా మీడియా పోయండి. కణాలు అంటుకోని రకం ప్లేట్ వాడకపోతే సగం అడుగుకు జారి అక్కడే స్థిరపడతాయి. మందం ఎందుకు పెంచకూడదంటే, ఆక్సిజన్ ఊరికే పాకి వెళ్ళేది 100, 200 మైక్రోమీటర్ల దూరమే. నిలవ మీడియాలో పెడితే అంచులు బతికి నడుమ కణాలు చచ్చిపోతాయి. స్పిన్నర్ ఫ్లాస్క్‌లోనో, మీడియాను లోపలి నుంచి పారించే పెర్ఫ్యూజన్ బయోరియాక్టర్‌లోనో పెంచడం అందుకే. మూడు వారాల తర్వాత బిళ్ళను అడ్డంగా కోసి నడుమ ఎన్ని బతికాయో చూడందే పైపొర ఫొటోలు ఎవరికీ చూపించకండి.

ఇంట్లోవాళ్ళు అడిగితే

మీరు ఈ పని చేస్తున్నారని తెలిస్తే మేనత్తో, పక్కింటాయనో తప్పక అడుగుతారు: "ఆ కణాలు నా మోకాలికి వేయించుకోవచ్చా?" అని. మీ ఫ్లాస్కులో ఉన్నవి కుదరవని గట్టిగా చెప్పండి. ఆవు సీరంలో, పరిశోధన స్థాయి రసాయనాలతో పెరిగినవి అవి. మనిషికి ఇచ్చేవాటిని వేరే ప్రమాణాల్లో, వేరే గదుల్లో తయారు చేయాలి. మన దేశంలో కేంద్ర ఔషధ నియంత్రణ సంస్థ అనుమతి పొందినవి తప్ప మిగతా మూలకణాల ఇంజెక్షన్లు ట్రయల్‌లో భాగంగా మాత్రమే ఇవ్వాలి.

ఎక్కడో క్లినిక్‌లో లక్షల్లో అడిగారని చెబితే, వాళ్ళ చేత రెండు ప్రశ్నలు అడిగించండి. ఈ మందుకు అనుమతి పత్రం ఉందా? ట్రయల్ అయితే, భారత క్లినికల్ ట్రయల్స్ రిజిస్ట్రీలో దాని నంబరు ఎంత? నంబరు చెబితే ఆ రిజిస్ట్రీ వెబ్‌సైట్‌లో మీరే కొట్టి చూడండి, ఆసుపత్రి పేరు, జబ్బు పేరు సరిపోవాలి. ట్రయల్‌లో చేరే రోగి దగ్గర ఆ ఇంజెక్షన్‌కు డబ్బు తీసుకోకూడదు. మా చిన్నమ్మను తీసుకుని నేనే అలాంటి ఒక చోటికి వెళ్ళాను. నంబరు అడిగాను, రేపు ఫోన్ చేస్తామన్నారు. లేచి వచ్చేశాం. ఇప్పుడు ఆమె తొడ కండరాలకు ఫిజియోథెరపీ చేస్తోంది, బరువు తగ్గించుకుంటోంది, కిందటి నెల శ్రీవారి మెట్టు దారిలో సగం దాకా నాతో నడిచింది.